గండికోటకు బస్సు యాత్ర: ముందు లోయ, తరువాతే గుహ

మహబూబ్‌నగర్ నుంచి గండికోటకు ఒక్కరోజులో వెళ్లి రావచ్చునా అని అడిగే మిత్రులకు, నిస్సందేహంగా రావచ్చు గానీ బస్సు ముందుగా ఎక్కడ ఆగుతుందో డబ్బు కట్టకముందే కనుక్కోండని చెబుతున్నాను. గైడ్‌తో సహా మేము వెళ్లిన ప్యాకేజీలో ఉదయం బెలుం గుహలు, మిట్టమధ్యాహ్నం లోయ వచ్చాయి. నా దృష్టిలో ఈ వరుస పూర్తిగా తలకిందులు.

తెల్లవారకముందే బయలుదేరి, భూత్పూర్ వద్ద 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, బీచుపల్లి వంతెన మీద కృష్ణను, కర్నూలు దగ్గర తుంగభద్రను దాటి, బనగానపల్లె మీదుగా కొలిమిగుండ్ల వైపు సాగాము. బీచుపల్లి రాగానే నిద్రలో ఉన్నవాళ్లు సైతం లేచి కూర్చుని కిటికీలోంచే అంజన్నకు దండం పెట్టుకున్నారు. సున్నపురాతిని నీరు కరిగించగా ఏర్పడిన బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవున్నా, సందర్శకులను అనుమతించేది సుమారు కిలోమీటరున్నర మేరకే. లోపల ఉక్కపోత ఉంటుంది, వెలుగంతా విద్యుద్దీపాలదే. పొద్దున చూసినా సాయంత్రం చూసినా అక్కడ తేడా ఏమీ ఉండదు.

లోయ సంగతి అలా కాదు. ఎర్రమల కొండలను పెన్నా నది కోసుకుంటూ పోవడంతో ఏర్పడిన ఈ గండికి ఇరువైపులా దాదాపు 300 అడుగుల ఎత్తున రాతి గోడలు నిలబడి ఉన్నాయి. మన నల్లమలలో కృష్ణ కూడా ఇంత లోతైన లోయలోనే పారుతుంది గానీ, అక్కడ చెట్లు రాతిని కప్పేస్తాయి. ఇక్కడ రాయి బట్టబయలుగా ఉండడం వల్ల దాని నిర్మాణమంతా కంటికి కనిపిస్తుంది. జామియా మసీదు దాటి బండల మీదుగా అంచుకు చేరాక, గైడ్ ఒక బండ పక్కన కూర్చుని, అడ్డంగా సాగిన పొరను, దాన్ని నిలువునా చీల్చిన పగులును వేలితో చూపించాడు. నా అరచెయ్యి పట్టేంత వెడల్పున్న ఆ పగులులో ఎండుగడ్డి, ఇసుక పేరుకుని ఉన్నాయి. వంద కోట్ల ఏళ్లకు పైబడిన ఈ గట్టి రాయి అరిగి నున్నగా వాలిపోదు, ఇలాంటి పగుళ్ల వెంట దిమ్మెలు దిమ్మెలుగా విడిపోతుంది. గోడలు అంత నిటారుగా నిలవడానికి కారణం అదే. తీరా ఎదుటి గోడ మీద ఆ గీతలను వెతకబోతే, నడినెత్తిన ఉన్న సూర్యుడు నీడలన్నింటినీ మింగేసి, గోడను ఒకే ఎర్రటి పలకలా చూపించాడు.

మా బృందంలోని ఒక పెద్దమ్మ కిందికి తొంగి చూసి, "నీళ్లు కదులుతనే లేవేంది బిడ్డా?" అని అడిగింది. దిగువనున్న మైలవరం జలాశయం నీళ్లు వెనక్కి ఎగదన్ని ఇక్కడిదాకా నిలుస్తాయని గైడ్ వివరించాడు. ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పగల స్థానికుడు వెంట ఉండడమే ఈ యాత్రలో డబ్బుకు తగిన ఫలితం అనిపించింది.

కోటలో మాధవరాయ ఆలయ గోపురం, ధాన్యాగారం చకచకా చూపించారు. పెమ్మసాని నాయకుల ఈ కోటను గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గెలుచుకున్నాడని, ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ 1652లో ఇక్కడికే వచ్చి ఆయనను కలిశాడని చెప్పినప్పుడు మాత్రం, తెలంగాణ నుంచి వచ్చిన మేమంతా కాస్త నిటారుగా నిలబడి విన్నాము.

బెలుం మనకు తిరుగుదారిలోనే తగులుతుంది కనుక, పొద్దున్నే నేరుగా లోయకు వెళ్లి, ఏటవాలు వెలుగు ఉండగానే చూసి, ఎండ ముదిరాక గుహలోకి దిగితే అదనంగా ఒక్క కిలోమీటరూ పెరగదు. నిర్వాహకులతో ఇదే మాట అంటే, "మీరన్నది నిజమే సార్, కానీ లోయ తిరిగి అలసిపోయినంక గుహకాడ సగం మంది బస్సు దిగరు" అన్నారు. అనుభవం మీద చెప్పిన మాటే కావచ్చు. అయినా దిగనివాళ్లను బస్సులోనే హాయిగా పడుకోనివ్వాలి గానీ, వాళ్ల కోసం లోయను మధ్యాహ్నపు ఎండకు అప్పగించడం నాకు సమ్మతం కాదు.