పెంటియం 4 ఆకలి

మా మేనమామగారి అటక మీది పెంటియం 4 డెస్క్‌టాప్‌ను ఈ వారం మళ్లీ నడిపించవలసి వచ్చింది. పాత ఫొటోలే కావాలంటే హార్డ్ డిస్క్ ఊడదీస్తే సరిపోయేది కానీ, యంత్రమే బతకాలని ఆయన పట్టుదల. బటన్ నొక్కగానే ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయేది. మదర్‌బోర్డు కెపాసిటర్లు పాడైనట్టు ఉబ్బలేదు కనుక అనుమానం కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మీదికి మళ్లింది. దాని లేబుల్‌పై 450 వాట్లని పెద్దక్షరాలతో ఉన్నా, 12 వోల్టుల లైనుకు 10 ఆంపియర్లేనని (అంటే 120 వాట్లే) అడుగున చిన్నగా రాసి ఉంది.

ఆ 3.6 గిగాహెర్ట్జ్ ప్రెస్కాట్ రకం పెంటియం 4 చిప్పు టీడీపీ, అంటే గట్టిగా పనిచేసేటప్పుడు అది వెదజల్లే వేడి, 115 వాట్లు. నాలుగు పిన్నుల చదరపు కనెక్టర్ ద్వారా వచ్చే 12 వోల్టులను మదర్‌బోర్డు సుమారు 1.4 వోల్టులకు దించి ప్రాసెసర్‌కు అందిస్తుంది కనుక, ఆ మార్పిడిలో పోయే నష్టాన్ని కలిపితే చిప్పు ఒక్కటే 10 ఆంపియర్లను మింగేయగలదు. హార్డ్ డిస్క్, సీడీ డ్రైవ్ మోటార్లూ అదే లైను మీద ఆధారపడతాయి.

గిగాహెర్ట్జ్ అంకె పెంచడానికి పైప్‌లైన్‌ను (ఒక్కో ఆదేశం చిప్పులో దాటే దశల వరుసను) 20 దశల నుంచి 31కి సాగదీయడం, 90 నానోమీటర్ల ట్రాన్సిస్టర్లలో కరెంటు లీకవడం ఈ వేడికి ముఖ్య కారణాలు. ప్రకటించిన 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను ఇంటెల్ 2004లోనే విరమించుకుంది. 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో 65 వాట్లతోనే అంతకు మించిన పని చేసిందంటే, ఆ అంకెల మోజు ఎంత దండగో తెలుస్తుంది.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 12 వోల్టులకు 18 ఆంపియర్లిచ్చే ఎస్‌ఎంపీఎస్ తెచ్చి బిగించాక, మామయ్యగారి యంత్రం ఇప్పుడు నిలకడగా నడుస్తోంది, ఫ్యాన్ మోత మినహా.