మొదటి వారమే పాఠం చెప్పించకండి

మీ బడికి ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన బీఈడీ అమ్మాయి చేతిలో మొదటి రోజే చాక్‌పీస్ పెట్టి క్లాసుకి పంపేస్తున్నారా? దయచేసి ఆ పని చేయకండి. మన ఇబ్బంది నాకు తెలియనిది కాదు. నేనూ నల్గొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్‌లో మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంట్‌నే, ఎవరైనా ఒక టీచర్ సెలవు పెడితే చాలు ఉన్న ఒక్క లీజర్ పీరియడ్ కూడా వాళ్ల క్లాసు చూసుకునే అడ్జస్ట్‌మెంట్ కింద పోతుంది, సరిగ్గా అలాంటప్పుడే కాలేజీ నుంచి నలుగురు ట్రైనీలు దిగితే స్టాఫ్ రూమ్ మొత్తానికి ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. కానీ వాళ్లు మన ఖాళీలు నింపడానికి రాలేదు, నేర్చుకోవడానికి వచ్చారు. మా బడిలో మేమంతా కలిసి హెచ్‌ఎం గారిని అడిగాం, అడ్జస్ట్‌మెంట్ రిజిస్టర్‌లో ట్రైనీల పేర్లు రాయొద్దని. ఆయన ఒప్పుకున్నారు. అడిగితే చాలామంది హెచ్‌ఎంలు ఒప్పుకుంటారు, అడిగేవాళ్లే ఉండరు.

నేను చదివినప్పుడు బీఈడీ ఏడాది కోర్సు. ఒక్కో మెథడ్‌లో, అంటే బోధించే ఒక్కో సబ్జెక్టులో, ఇరవై పాఠాల చొప్పున నలభై, అవి రికార్డుకి ఎక్కితే టీచింగ్ ప్రాక్టీస్ అయిపోయినట్టే. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2014 నిబంధనల తర్వాత, 2015-16 నుంచి కోర్సు రెండేళ్లయింది, బడిలో గడపాల్సిన కాలం మొత్తం 20 వారాలైంది, మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. అందులో తొలి దశగా ఒక వారం రెగ్యులర్ టీచర్ క్లాసులో కూర్చుని గమనించడానికే అని ఆ నిబంధనల్లోనే ఉంది. ట్రైనీలకి గైడ్ టీచర్లుగా వేసేటప్పుడు మనకి ఈ మాట ఎవరూ చెప్పరు. కాబట్టి "ఆ అమ్మాయి ఊరికే కూర్చుంటోంది కదా" అని ఎవరైనా అంటే, ఈ వారం ఆమె పనే అది అని గట్టిగా చెప్పండి.

అయితే వెనక బెంచీలో కూర్చోబెట్టి "చూడమ్మా" అంటే సరిపోదు. ఏం చూడాలో చెప్పకపోతే ట్రైనీ నన్ను చూస్తుంది, నేను ఏ స్టెప్ ముందు రాశాను, ఏ ఉదాహరణ చెప్పాను అని పేజీలు పేజీలు రాసుకుంటుంది. నన్ను చూడొద్దంటాను. క్లాసులో ఐదుగురు పిల్లల్ని ఎంచుకోమంటాను, చెయ్యెత్తేవాళ్లని కాదు, కిటికీ పక్కన ఒకరు, మూడో బెంచీ మధ్యలో ఒకరు, అలా. ఈ పీరియడ్ మొత్తం ఆ ఐదుగురు ఏం చేశారో రాయి, ఎప్పుడు నోట్‌బుక్ తెరిచారు, ఎప్పుడు పక్కవాళ్లది చూసి దింపుకున్నారు, ఎప్పుడు పెన్ను మూసేశారు. సాయంత్రం ఆ కాగితం చూస్తే నా క్లాసు గురించి నాకే తెలియని సంగతులు ఉంటాయి. ఈ ఏడు వచ్చిన అమ్మాయి రాసింది, కిటికీ పక్క పిల్లాడు బోర్డు మీది లెక్క ఒక్కటి కూడా రాసుకోలేదు, కానీ నోటితో అడిగిన ప్రతి ప్రశ్నకీ పెదాలు కదిపి జవాబు చెప్పుకున్నాడు అని. వాడికి బోర్డు సరిగా కనబడట్లేదని మాకు అలా తెలిసింది. నాలుగైదు రోజులకి కళ్లజోడు వచ్చింది.

ఇంకో పని, ఒక రోజంతా ఒకే సెక్షన్‌తో ఉండమంటాను. ప్రేయర్ నుంచి లాంగ్ బెల్ దాకా, అన్ని సబ్జెక్టుల్లో, పీఈటీ సారు గ్రౌండ్‌కి తీసుకెళ్తే అక్కడికి కూడా. మ్యాథ్స్‌లో నోరు తెరవని పిల్ల కబడ్డీ కూతలో బడి అదిరిపోయేలా అరుస్తుంది, ఇది ఒకసారి కళ్లారా చూసిన టీచరు ఆ పిల్లని ఎప్పుడూ మొద్దు అనదు. మధ్యాహ్నం భోజనం దగ్గర కూడా లైన్ పక్కన నిలబడమంటాను, ఎవరు ఎవరితో కూర్చుంటారు, ఎవరు ఒంటరిగా తింటారు అన్నది అక్కడ తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు.

ప్రేయర్ అన్నాను కాబట్టి ఒక మాట. గొంతు అలవాటు కావడానికి నేను ట్రైనీలకి ఇచ్చే మొదటి బాధ్యత అసెంబ్లీలో ప్రతిజ్ఞ చెప్పించడం. మా జిల్లాకే చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో రాసిన ప్రతిజ్ఞ అది, దేశమంతా బడుల్లో చెబుతారు, మా పిల్లల్లోనే చాలామందికి ఆయన పేరు తెలియదు, ట్రైనీలకి అసలే తెలియదు. అందుకే చెప్పించే ముందు ఆయన గురించి రెండు వాక్యాలు పిల్లలకి చెప్పమంటాను. బడి మొత్తం ముందు నిలబడి ఆగి ఆగి, స్పష్టంగా పలికిన అమ్మాయికి మర్నాడు యాభై మంది ముందు నిలబడటం అంత టెన్షన్‌గా ఉండదు.

క్లాసులో పరిచయం చేసేది కూడా మనమే, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పిల్లలు మొదటి రోజే అడిగేస్తారు, "మేడమ్, మీరు అసలు టీచరా, ట్రైనింగ్ టీచరా?" అని. ఆ ప్రశ్న రాకముందే నేను చెప్తాను, "ఈ మేడమ్ మీకు మ్యాథ్స్ చెప్తారు, నేను ఎట్లానో ఈమె కూడా అట్లానే." విడిగా ఉన్నప్పుడు నువ్వు, అమ్మా అని పిలిచినా పిల్లల ముందు మాత్రం మేడమ్, మీరు అనే అంటాను. స్టాఫ్ రూమ్‌లో ఒక కుర్చీ, రికార్డులు పెట్టుకోవడానికి అల్మారాలో ఒక అర ఇస్తాం. వరండాలో నిలబెట్టి, పిలిచినప్పుడు మాత్రం రమ్మంటే పిల్లలు అది కూడా చూస్తారు, ఆ తర్వాత క్లాసు కంట్రోల్ కావట్లేదని ఆమెని అనడం అన్యాయం.

కంట్రోల్ గురించి ప్రతి బ్యాచ్ అడుగుతుంది. "మేడమ్, కర్ర పట్టుకోవచ్చా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు, వాళ్లు చదువుకున్న చోట చూసింది అదే కాబట్టి. విద్యాహక్కు చట్టం 2009లో 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మనసు నొచ్చేలా వేధించడాన్ని కూడా నిషేధించిందని, "నీకు లెక్కలు రావు, గేదెలు కాసుకో" లాంటి మాట కూడా అందులోకే వస్తుందని మొదటి వారంలోనే కూర్చోబెట్టి చెప్పాలి. మరి గోల చేస్తే ఏం చేయాలి? గొంతు పెంచొద్దు, పెంచితే మూడో రోజుకి గొంతు పోతుంది, గోల పోదు. మాట ఆపేసి, ఆ బెంచీ దగ్గరికి నడిచి వెళ్లి, అక్కడి నుంచే పాఠం కొనసాగించాలి. పేరు పెట్టి పిలవాలి. అందుకే తొలి వారంలో అటెండెన్స్ రిజిస్టర్ ఆమె చేతికే ఇస్తాను, పేర్లు నోటికి వస్తే సగం కంట్రోల్ వచ్చినట్టే.

రెండో వారం నుంచి కొంచెం కొంచెంగా. ముందు హోంవర్క్ చూడటం, తర్వాత పీరియడ్ మొదట్లో పది నిమిషాలు నోటి లెక్కలు, ఆ తర్వాత ఒక్క కాన్సెప్ట్, మూడో వారానికి పూర్తి పీరియడ్. కాలేజీలో మైక్రో టీచింగ్ చేసి వస్తారు, అది ఐదారు నిమిషాల పాఠం, ఎదురుగా కూర్చునేది తోటి విద్యార్థులు, అన్నిటికీ తలూపుతారు. నిజం పిల్లలు కూడా తలూపుతారు. చిక్కంతా అక్కడే.

ఏడో తరగతిలో భిన్నాల సంకలనం చెప్పింది ఈ ఏడు వచ్చిన ఆ అమ్మాయే. 1/2 + 1/3. క.సా.గు. 6, కాబట్టి 3/6 + 2/6 = 5/6. బోర్డు మీద అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, తప్పు లేదు. "అర్థమైందా?" అంది. "అర్థమైంది మేడమ్!" అని క్లాసు మొత్తం ఒకే గొంతుతో. ఆమె ముఖం వెలిగిపోయింది. బెల్లు కొట్టాక నోట్‌బుక్కులు తెమ్మన్నాను, ఇద్దరం కూర్చుని హోంవర్క్ లెక్కలు చూశాం. దాదాపు సగం మంది 1/4 + 1/3 కి 2/7 అని రాశారు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, "రేపు క.సా.గు. మళ్లీ మొదటి నుంచి చెప్తాను మేడమ్" అంది. వద్దన్నాను. ముందు ఒక్క పిల్లాణ్ణి పిలిచి ఎలా చేశాడో అడుగు, తప్పు అనకు, ఊరికే అడుగు అన్నాను. వాడు నిమిషం కూడా తడుముకోకుండా చెప్పాడు, "పైవి పైవి కలిపిన, కిందివి కిందివి కలిపిన మేడమ్." వాడికి అదొక పద్ధతి. వాడి లెక్కలో వాడికి ఏ లోపమూ కనబడట్లేదు, అలాంటప్పుడు మన క.సా.గు. వాడికెందుకు?

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి ఒక చిన్న ప్లాన్ వేశాం. మర్నాడు ఆమె బోర్డు మీద ఏమీ రాయకుండా, బ్యాగుల్లోంచి స్కేళ్లు తీయమంది. 30 సెంటీమీటర్ల స్కేలు బెంచీకి ఒకటి. ఇందులో సగం ఎంత? 15. మూడో వంతు ఎంత? 10. రెండూ కలిపితే? 25. ఇప్పుడు నిన్నటి మీ పద్ధతిలో 1/2, 1/3 కలిపితే 2/5 వస్తుంది కదా, స్కేలు మీద 2/5 ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. ఒక్కో వంతు 6, రెండు వంతులు 12. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మూడో బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "మేడమ్, సగమే పదిహేను కదా, దానికి ఇంకా కలిపితే పన్నెండెట్లయితది?" అంది. ఆ ప్రశ్న పిల్ల నోట్లోంచి వచ్చింది, టీచర్ నోట్లోంచి కాదు. అప్పుడు క.సా.గు. చెప్తే అది వాళ్లకి కావాల్సిన వస్తువు, బోర్డు మీంచి దింపుకునేది కాదు.

అందుకే నా దగ్గరికి వచ్చే ట్రైనీలకి "అర్థమైందా?" అని అడగడం మాన్పిస్తాను. దాని బదులు ఒక లెక్క ఇచ్చి బెంచీల మధ్య తిరగమంటాను.

పాఠం అయ్యాక మాట్లాడటం గురించి నాకు కొన్ని పట్టింపులు ఉన్నాయి. పిల్లల ముందు సరిదిద్దకూడదు. నిజంగానే బోర్డు మీద తప్పు పడితే? నేను వెనక బెంచీలోంచి పిల్లల్లాగే చెయ్యెత్తి "మేడమ్, మూడో స్టెప్ ఇంకోసారి చూపిస్తారా" అంటాను, ఆమె చూసుకుని దిద్దుకుంటుంది, ముందే అనుకున్న ఏర్పాటు అది. మాట్లాడటం ఆ రోజే జరగాలి, మర్నాటికి చల్లబడిపోతుంది. మొదట ఆమెనే చెప్పనివ్వాలి, ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, నీకెలా తెలిసింది. ఇక మనం చెప్పేది ఒక్కటంటే ఒక్కటి, రేపు మార్చుకోగలిగింది. పది తప్పుల లిస్టు ఇస్తే మర్నాడు ఆ అమ్మాయి పిల్లల్ని కాదు, వెనక కూర్చున్న మనల్ని చూస్తూ పాఠం చెప్తుంది.

రికార్డు సంగతి చెప్పకుండా ఉండలేను. కాలేజీ ఫార్మాట్ ప్రకారం పాఠ్యపథకాలు రాయాలి, లక్ష్యాలు, స్పష్టీకరణలు, టీఎల్‌ఎం అనే బోధన సామగ్రి, మూల్యాంకనం, రాత్రంతా స్కెచ్ పెన్నులతో చార్టులు. చాలామంది సీనియర్ల రికార్డు దింపేస్తారు. నేను దాంతో గొడవ పెట్టుకోను, మార్కులు దానికే కాబట్టి రాసుకోమంటాను. కానీ క్లాసుకి వచ్చేటప్పుడు విడిగా ఒక్క కాగితం కావాలంటాను, అందులో మూడే ఉండాలి, ఈ రోజు అడిగే ప్రశ్నలు, వాటికి పిల్లలు చెప్పబోయే తప్పు జవాబులు, ఆ తప్పు వస్తే నేనేం చేస్తాను. తప్పు జవాబులు ముందే ఊహించి రాయడం మొదట్లో ఎవరికీ రాదు. ఒక నెల పిల్లల నోట్‌బుక్కులు దిద్దితే వస్తుంది.

ఇంగ్లీష్ మీడియం భయం కూడా ఉంటుంది ఈ మధ్య. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం పెట్టారు, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు. ట్రైనీలు ఇంగ్లీష్ వాక్యాలు బట్టీ పట్టి వచ్చి, పిల్లలు డౌట్ అడిగితే బిగుసుకుపోతారు. తెలుగులో వివరించు, పదం ఇంగ్లీష్‌లో పలికించు, బోర్డు మీద రెండూ రాయి అంటాను. మా దగ్గర తండాల నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, వాళ్లకి తెలుగు కూడా రెండో భాషే. జవాబు ఆలస్యమైతే రాలేదని కాదు, లోపల భాష మార్చుకుంటున్నారు, ఇంకాసేపు ఆగమని చెప్పాలి. పక్కనున్న పిల్లతో వాళ్ల భాషలో ఒకసారి చెప్పించుకోనివ్వాలి. ఇది కాలేజీలో ఎవరూ నేర్పరు, కాబట్టి మనం నేర్పాలి.

చివరగా సంతకాల విషయం. బడి గడప తొక్కని ట్రైనీలకి ఇంటర్న్‌షిప్ పూర్తి చేసినట్టు అటెండెన్స్ వేసి ఇవ్వమని కొన్ని కాలేజీల నుంచి మనుషులు వస్తారు, ఫారాలు ముందే నింపి తెస్తారు, మన సంతకం ఒక్కటే ఖాళీ. నా దగ్గరికీ వచ్చారు. నేను పెట్టలేదు, హెచ్‌ఎం గారూ స్టాంపు వేయలేదు. ఎండనక వాననక ఆర్టీసీ బస్సులో వచ్చి, నోట్‌బుక్కులు దిద్ది, ఏడ్చి, మళ్లీ మర్నాడు స్కేలు పట్టుకుని క్లాసులో నిలబడ్డ అమ్మాయి టీచర్ ఉద్యోగానికి రాసే డీఎస్సీ పరీక్షే వాళ్లూ రాస్తారు, ఉద్యోగం వస్తే వెళ్లేదీ ఇలాంటి పిల్లల ముందుకే. మీ దగ్గరికి ఆ ఫారాలు వస్తే సంతకం లేకుండానే తిప్పి పంపేయండి.