హెల్మెట్‌కి ఎల్ఈడీ స్ట్రిప్ వేసుకున్నా, నా అనుభవం

హెల్మెట్‌కి ఏది అతికించినా రోజూ గట్టిగా పట్టుకోవాలి, కింద పడ్డ రోజు మాత్రం ఇట్టే ఊడిపోవాలి. నేను ఈ ఒక్క మాట పట్టుకునే మొత్తం పని చేశా, అందుకే లైట్ల సంగతికి ముందు ఇది చెప్తున్నా. హెల్మెట్ బయట పెంకు అంత నున్నగా ఎందుకు ఉంటుందంటే, రోడ్డు మీద పడ్డప్పుడు అది జారాలి, ఎక్కడా పట్టుకోకూడదు, పట్టుకుందంటే తల గిర్రున తిరుగుతుంది, ఆ తిరగడం మెడకీ మెదడుకీ చాలా ప్రమాదం. యూరప్ వాళ్ళ కొత్త ఈసీఈ 22.06 స్టాండర్డ్‌లో హెల్మెట్‌ని ఏటవాలు దిమ్మ మీదకి వదిలి తల ఎంత తిరుగుతుందో కొలిచే టెస్ట్ పెట్టింది ఇందుకే. అమెరికా రవాణా శాఖ వాళ్ళ డాట్ రూల్‌లో అయితే పెంకు బయటకి పొడుచుకొచ్చే గట్టి భాగాలు 5 మిల్లీమీటర్లు దాటకూడదని ఉంటుంది. సో లైట్ల కోసం హెల్మెట్‌కి డ్రిల్ వెయ్యడం, స్క్రూలు బిగించడం, గట్టి ప్లాస్టిక్ చానెల్ తెచ్చి అంటించడం, ఇవన్నీ నాకు మొదట్లోనే లిస్ట్‌లోంచి పోయాయి.

ఇంకోటి కూడా చెప్పాలి, నేను ఇది చేసింది అందం కోసం. రాత్రి రైడ్‌లో హెల్మెట్ చుట్టూ ఒక సన్నని గీత వెలుగుతుంటే నాకు చాలా ఇష్టం, అంతే. భద్రత కోసమే అయితే రిఫ్లెక్టివ్ టేప్ చాలు, దానికి బ్యాటరీ అక్కర్లేదు, వైర్ అక్కర్లేదు, వెనక బండి హెడ్‌లైట్ పడగానే ఆ వెలుగుని తిరిగి ఆ బండి వైపే పంపిస్తుంది. నా హెల్మెట్‌కి వెనక అది ముందు నుంచీ ఉంది, లైట్లు పెట్టాక కూడా తియ్యలేదు, మీరూ తియ్యొద్దు, ఎందుకంటే బ్యాటరీ అయిపోయిన రోజు పనిచేసేది అదే.

ముందు ఈఎల్ వైర్ చూశా, అదే నియాన్‌లా మెరిసే సన్నటి తీగ. చూడ్డానికి చాలా బావుంటుంది, ఎటు కావాలంటే అటు వంగుతుంది, ఎక్కడా చుక్కలు కనపడవు, గీత గీతలా వెలుగుతుంది. కానీ దానికి ఇన్వర్టర్ కావాలి, బ్యాటరీ కరెంట్‌ని వంద వోల్టులు పైచిలుకు ఏసీగా మార్చే చిన్న డబ్బా అనమాట, అది పనిచేస్తున్నంత సేపూ సన్నగా కీచుమంటుంది. బండి బొమ్మలకీ డ్యాన్స్ డ్రెస్సులకీ ఆ సౌండ్ పర్లేదు గానీ చెవి పక్కనే పెట్టుకుని గంటలు గంటలు బండి నడపడం నా వల్ల కాదు. పైగా వాడేకొద్దీ వెలుగు తగ్గిపోతుంది కూడా. అందుకని ఎల్ఈడీకే ఫిక్స్ అయ్యా.

ఎల్ఈడీ స్ట్రిప్ కొనేటప్పుడు ఎక్కువ మంది రంగు చూస్తారు, నేనైతే ముందు అది ఎటు వంగుతుందో చూడమంటా. మామూలు స్ట్రిప్ రిబ్బన్ లాంటిది, పైకీ కిందకీ బాగా వంగుతుంది, పక్కకి మాత్రం వంగదు. హెల్మెట్ ఏమో అన్ని వైపులా గుండ్రమే, కాబట్టి నడుం దగ్గర చుట్టూ అడ్డంగా వేస్తే కూర్చుంటుంది గానీ పై నుంచి వంపు తిప్పుతూ వేద్దామంటే ఒక అంచు లేచిపోతుంది, బలవంతంగా నొక్కితే లోపలి రాగి గీతలు చిట్లి ఆ ముక్క వెలగడం మానేస్తుంది. వంపులు కావాలంటే జిగ్‌జాగ్‌గా పాములా ఉండే స్ట్రిప్ దొరుకుతుంది, లేదంటే పక్కకి వెలుగు కొట్టే సన్న స్ట్రిప్ ఉంటుంది, దాన్ని నిలువుగా నిలబెట్టి వేసుకోవాలి గానీ అలా నిలబెడితే ఎత్తు పెరుగుతుంది కదా, నాకు నచ్చలేదు. నేను డిజైన్‌నే మార్చుకున్నా, ఒక చెవి వెనక నుంచి తల వెనక్కి, అక్కడి నుంచి రెండో చెవి వెనక వరకు ఒకే గీత, మామూలు స్ట్రిప్‌తో సరిపోయేలా.

వోల్టేజ్ సంగతి కొస్తే 12 వోల్టులవి ఎక్కువ దొరుకుతాయి, మూడేసి ఎల్ఈడీలకి ఒక కటింగ్ మార్క్ ఉంటుంది, కానీ దానికి బండి బ్యాటరీ నుంచి వైర్ లాగాలి లేదా వోల్టేజ్ పెంచే మాడ్యూల్ పెట్టాలి. మనిషిని బండికి వైరుతో కట్టెయ్యడం నాకు అసలు ఇష్టం లేదు. 5 వోల్టులది అయితే పవర్ బ్యాంక్ చాలు. రంగులు మారేవి, ఒక్కో ఎల్ఈడీని విడిగా కంట్రోల్ చేసేవి కూడా 5 వోల్టుల్లో ఉంటాయి, చాలా అందంగా ఉంటాయి నిజమే, కానీ ఫుల్ వైట్‌లో ఒక్కో ఎల్ఈడీ దగ్గర దగ్గర 60 మిల్లీయాంపియర్లు లాగుతుంది, దానికి కంట్రోలర్ బోర్డు వేరే పెట్టాలి, ఆ బోర్డు ఎక్కడ పెట్టాలన్నది మళ్ళీ ఇంకో తలనొప్పి. నేను ఒకే రంగుది, పసుపు కలిసిన వెచ్చని తెలుపు తీసుకున్నా.

వాటర్‌ప్రూఫ్ అని రాసుంటే చాలనుకోవద్దు. సిలికాన్ గొట్టంలో పెట్టి వచ్చేది వర్షానికి మంచిదే, కానీ సిలికాన్‌కి మామూలు జిగురు టేప్ ఏదీ సరిగ్గా అతుక్కోదు, కొన్నాళ్ళకి కింద టేప్ హెల్మెట్ మీదే ఉంటుంది, గొట్టం మాత్రం చేతికొచ్చేస్తుంది. పైన మాత్రమే పలచటి పూత ఉండి, కింద స్ట్రిప్ వీపుకే నేరుగా టేప్ ఉండేది తీసుకుంటే ఈ గొడవ ఉండదు. మందం కూడా తక్కువ.

ఇప్పుడు అసలు ముఖ్యమైన విషయం, హెల్మెట్ పెంకు దేనితో చేశారో తెలుసుకోవడం. నాది ఫైబర్‌గ్లాస్. మా తమ్ముడిది పాలికార్బొనేట్, అంటే ఒక రకం గట్టి ప్లాస్టిక్, దాని లోపలి లేబుల్ మీద రంగులు, స్టిక్కర్లు, పెట్రోల్, సాల్వెంట్లు వాడొద్దని స్పష్టంగా రాసుంది. పాలికార్బొనేట్‌కి కొన్ని కెమికల్స్ తగిలితే పైకి ఏమీ కనపడకుండానే లోపల సన్నటి పగుళ్ళు వస్తాయి, చూడ్డానికి కొత్తగానే ఉంటుంది, దెబ్బ తగిలినప్పుడు మాత్రం ఆగదు. అందుకే వాడి హెల్మెట్‌కి నేను ఏమీ అంటించలేదు, దాని కథ చివర్లో చెప్తా. పెంకు ఏదైనా సరే థిన్నర్, అసిటోన్, పెట్రోల్‌తో తుడవడం, ఫెవిక్విక్ లాంటి వాటితో అంటించడం, వేడి గ్లూ గన్ పెట్టడం, ఈ మూడూ వద్దు. నేను సబ్బు నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చా. ఇంట్లో కాలం చెల్లిన పాత హెల్మెట్ ఒకటి ఉంటే ముందు దాని మీద టేప్ అంటించి, పీకి, ఎలా వస్తుందో చూసుకున్నా, మీ దగ్గరా పాతది ఉంటే పారెయ్యకండి ఇలాంటి వాటికి బంగారం.

స్ట్రిప్ అంటించే ముందు కాగితం మాస్కింగ్ టేప్‌తో గీత వేసుకుని హెల్మెట్ పెట్టుకుని అద్దంలో చూసుకున్నా. తర్వాత చీకట్లో అదే టేప్ మీద స్ట్రిప్‌ని తాత్కాలికంగా నిలబెట్టి వెలిగించా. అప్పుడు తెలిసింది, స్ట్రిప్ చివర వైజర్ అంచుకి దగ్గరైతే ఆ వెలుగు వైజర్ లోపలి వైపు ప్రతిబింబించి కళ్ళ పక్కన ఒక తెల్లటి పొరలా కనపడుతుంది. పగలు అస్సలు తెలీదు. వైజర్ మీద గీతలుంటే ఇంకా ఎక్కువ. సో రెండు వైపులా చివర్లని చెవి కన్నా వెనక్కి జరిపేశా, గాలి వెళ్ళే రంధ్రాలు మూసుకోకుండా చూసుకున్నా, ఇదంతా టేప్ దశలోనే అయిపోయింది కాబట్టి పీకాల్సిన పని రాలేదు.

పవర్ గురించి కొంచెం ఎక్కువే చెప్తా, ఎందుకంటే చాలా మంది బ్యాటరీని హెల్మెట్‌లోనే ఎక్కడో దూర్చేస్తారు. లోపల తెల్లటి థర్మోకోల్ లాంటిది ఉంటుంది కదా, ఈపీఎస్, దెబ్బ తగిలినప్పుడు నలిగి ఆ దెబ్బని తినేది అదే, దాన్ని చెక్కి బ్యాటరీకి చోటు చెయ్యడం అంటే తలని కాపాడేదాన్ని మనమే తీసెయ్యడం. తలకీ ఈపీఎస్‌కీ మధ్య గట్టి వస్తువు పెడితే ఆ గట్టి వస్తువే తలకి గుచ్చుకుంటుంది. పైగా లిథియం సెల్ నలిగితే నిప్పు అంటుకోవచ్చు. కాబట్టి బ్యాటరీ జాకెట్ జేబులోనే. నా స్ట్రిప్ అర మీటరు, మీటరుకి 60 చొప్పున 30 ఎల్ఈడీలు, ఒక్కోటి 20 మిల్లీయాంపియర్లు అనుకుంటే మొత్తం 600, అంటే 5 వోల్టుల దగ్గర 3 వాట్లు. 5000 ఎంఏహెచ్ చిన్న పవర్ బ్యాంక్ నష్టాలు పోను ఐదు గంటలు లాగాలి లెక్క ప్రకారం. కానీ చీకట్లో ఫుల్ వెలుగు అస్సలు అక్కర్లేదు, మధ్యలో యూఎస్‌బీ డిమ్మర్ పెట్టి పావు వంతుకి దించా, అలా అయితే ఒక పొడవాటి రాత్రి రైడ్‌కి ఇంకా మిగిలే ఉంటుంది. ఇక్కడ ఒక చిక్కుంది, కరెంట్ మరీ తక్కువ లాగుతుంటే చాలా పవర్ బ్యాంకులు ఏమీ కనెక్ట్ అవ్వలేదనుకుని వాటంతట అవే ఆఫ్ అయిపోతాయి. డిమ్మర్‌ని మరీ కిందకి తిప్పితే నాదీ అలాగే ఆగిపోయింది, కొంచెం పైకి తిప్పితే మళ్ళీ ఓకే. మీ లైట్లు కాసేపు వెలిగి ఆరిపోతుంటే స్ట్రిప్‌ని అనుమానించే ముందు ఇది చూడండి.

హెల్మెట్ నుంచి జేబుకి వచ్చే వైర్‌కి మెడ దగ్గర అయస్కాంతం కనెక్టర్ పెట్టా, కొంచెం లాగితే చాలు విడిపోతుంది. వైర్ విడదియ్యడం మర్చిపోయి హెల్మెట్ తీసినా, ఎవరైనా పట్టుకు లాగినా, కింద పడినా, వైర్ మెడకి చుట్టుకోకూడదు కదా. జేబు వైపు ముక్కకి కరెంట్ ఉంటుంది కాబట్టి దాని పిన్నులు లోపలికి ఉండేలా చూసుకోవాలి, లేకపోతే జాకెట్ జిప్‌కి తగిలి షార్ట్ అవుతుంది, అయస్కాంతం ఉంది కాబట్టి ఇనుము ఎక్కడున్నా వెళ్ళి అతుక్కుంటుంది మరి. తల రెండు పక్కలా పూర్తిగా తిప్పి, కిందకీ పైకీ చూసి, వైర్ ఎక్కడా బిగుసుకోకుండా పొడవు పెట్టుకున్నా.

సోల్డరింగ్ అంతా హెల్మెట్‌కి దూరంగా టేబుల్ మీదే చేశా. ఈపీఎస్ 100 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది, సోల్డరింగ్ ఐరన్ ఏమో 350 దగ్గర ఉంటుంది, అంటించాక టచప్ చేద్దాం అనే ఆలోచనే వద్దు. కత్తెర గుర్తు మీద కోసి, అక్కడి రాగి ప్యాడ్ మీదున్న పూత గీకి, సోల్డర్ బాగా పట్టడానికి ఫ్లక్స్ రాసి, ప్యాడ్‌కీ వైర్‌కీ విడివిడిగా సోల్డర్ పట్టించి అప్పుడు కలిపితే రెండు సెకన్లలో అయిపోతుంది, ఐరన్‌ని ఎక్కువ సేపు ఆన్చితే ప్యాడే ఊడొస్తుంది. వైర్ మెత్తగా వంగే సిలికాన్ వైర్ వాడండి. జాయింట్ మీద వేడికి ముడుచుకునే ష్రింక్ స్లీవ్ వేశా, కోసిన చివర్లో పూత పోయి నీళ్ళు వెళ్ళే దారి ఉంటుంది కాబట్టి అక్కడ న్యూట్రల్ సిలికాన్ సీలెంట్ పెట్టా, వెనిగర్ వాసన వచ్చే రకం రాగిని తినేస్తుంది, అది వద్దు.

స్ట్రిప్‌కి వచ్చిన టేప్ పలచగా ఉంటే వంపు మీద ఆగదు, అందుకని దాని మీద కార్లకి వాడే సన్నటి అక్రిలిక్ ఫోమ్ టేప్ వేశా. అంటించేటప్పుడు లాగుతూ అంటించొద్దు, లాగి అంటిస్తే వెనక్కి ముడుచుకోడానికి చూసి చివర్లు లేస్తాయి. మధ్యలో మొదలుపెట్టి రెండు వైపులా వేలితో నొక్కుకుంటూ వెళ్ళాలి. ఈ టేపులు అంటించిన వెంటనే పూర్తి బలం రావు, ఒక రోజుకి 90 శాతం దాకా వస్తుంది, మొత్తం సెట్ అవ్వడానికి 72 గంటలు, అప్పటిదాకా తడపలేదు, బయటికి తీసుకెళ్ళలేదు. ఫోమ్ టేప్ అంత గట్టిగా పట్టుకుంటే ఊడిపోవడం ఎలా అని నాకూ డౌట్ వచ్చింది, పాత హెల్మెట్ మీద అతికించిన ముక్కని గరుకు నేల మీద గట్టిగా ఈడ్చి చూస్తే స్ట్రిప్ చిరిగి లేచిపోయింది, పెంకు ఎక్కడా పట్టుకోలేదు. మొత్తం ఎత్తు కూడా 5 మిల్లీమీటర్ల లోపే.

రోడ్డు మీదకి వెళ్ళే ముందు ఫ్రెండ్‌ని వెనక బండి మీద రమ్మన్నా. "ఒరేయ్ కొంచెం తగ్గించు, నీ తల తప్ప నీ ఇండికేటర్ కనపడట్లేదు" అన్నాడు. ఈ మాట చాలా ముఖ్యం అనిపించింది నాకు. వెనకవాళ్ళు చూడాల్సింది బ్రేక్ లైట్, ఇండికేటర్, మన అలంకారం వాటిని మింగెయ్యకూడదు. ఇంకా తగ్గించి, అతను సరే అన్న చోట డిమ్మర్ నాబ్ మీద మార్కర్‌తో గుర్తు పెట్టుకున్నా. బ్లింక్ మోడ్ అసలు వాడను. ఎరుపు నీలం మెరిసే లైట్లు పోలీసు, అంబులెన్స్ లాంటి బండ్లకే అని చాలా చోట్ల చట్టం ఉంది, ముందు వైపు ఎరుపు కూడా చాలా దేశాల్లో కుదరదు, కాబట్టి మీ దగ్గర రూల్ ఏంటో చూసుకునే రంగు కొనండి.

వాడకంలో ఒకే పని మిగిలింది, బయల్దేరే ముందు రెండు చివర్లూ వేలితో తడిమి చూడ్డం, లేస్తుంటే ముందుగా అక్కడే లేస్తుంది, స్పీడ్‌లో గాలి దాన్నే పట్టుకుని లాగుతుంది. తియ్యాల్సి వస్తే కత్తి, థిన్నర్ అక్కర్లేదు, పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే దారం టేప్ కింద రంపంలా లాగితే వచ్చేస్తుంది, మిగిలిన జిగురుని బొటనవేలితో రుద్దితే ఉండలు ఉండలుగా పోతుంది.

ఇక తమ్ముడి హెల్మెట్. దానికి వెడల్పాటి ఎలాస్టిక్ బ్యాండ్ ఒకటి చుట్టుకొలత కన్నా కొంచెం చిన్నగా కుట్టించి, స్ట్రిప్‌ని ఆ బ్యాండ్ మీద పలచటి పారదర్శకమైన గుడ్డ గొట్టంలో పెట్టి కుట్టా, గొట్టం వదులుగా ఉంది కాబట్టి బ్యాండ్ సాగినా స్ట్రిప్ మీద లాగుడు పడదు. పెంకుకి చుక్క జిగురు తగల్లేదు. పగలు తీసి జేబులో పెట్టుకుంటాడు, రాత్రి తొడుగుతాడు, గట్టిగా లాగితే మొత్తం జారి వచ్చేస్తుంది. వాడు మామూలుగా వెళ్ళే వేగాల్లో కదల్లేదు, హైవే వేగాల్లో మాత్రం నేను ఇంకా నమ్మను, అక్కడికి వెళ్ళేటప్పుడు తీసెయ్యమన్నా. అందం నాదే కొంచెం ఎక్కువ, కానీ నా తర్వాతి హెల్మెట్‌కి నేను బ్యాండే కుట్టుకుంటా.