సెల్ఫ్ సర్వీస్ మేడమ్!

సెల్ఫ్ సర్వీస్ ప్రింట్ షాపులంటే నాకేం పడక కాదు. హాల్ టికెట్, రెజ్యూమే లాంటివైతే హాయిగా ఉంటుంది. క్యూఆర్ స్కాన్ చేసి, ఫైల్ ఎక్కించి, డబ్బులు కట్టేస్తే కాగితం చేతికొస్తుంది. గొడవంతా బాండ్ పేపర్‌తోనే.

మొన్న శనివారం రెంట్ అగ్రిమెంట్ ప్రింట్ తీసుకోవడానికి మా వీధి చివర కొత్తగా పెట్టిన షాపుకి వెళ్లాను. అదే 11 నెలల అగ్రిమెంట్. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ అవసరమని అందరూ అనుకుంటారు కాబట్టి హైదరాబాద్‌లో ఇల్లు మారే ప్రతివాళ్లకీ ఈ 11 నెలల లెక్క కంఠతా వచ్చు. చేతిలో 100 రూపాయల బాండ్ పేపర్ ఉంది. స్టాంపు వెండర్ దగ్గర 130 పెట్టి కొన్నది. దాని మీద సీరియల్ నంబరు, తేదీ, నా పేరు, మా నాన్న పేరు, ఎవరి కోసమో అన్నీ రాసి, సీలు కొట్టి ఇచ్చాడు. అంటే పాడైతే పక్క కాగితం తీసి వాడుకునే రకం కాదు.

ప్రింటర్ పక్కన ట్రే ఉంది. ఏ వైపు పైకి పెట్టాలో, తల ఎటు ఉండాలో దాని మీద ఒక్క గుర్తు లేదు. కౌంటర్లో కుర్రాణ్ణి అడిగాను. ఇయర్‌ఫోన్ ఒకటి తీసి, "పెట్టేయండి మేడమ్, అదే తీసుకుంటుంది" అన్నాడు. ఏ వైపు బాబూ అని మళ్లీ అడిగితే, "ఎట్లైనా పర్లేదు" అని ఇయర్‌ఫోన్ మళ్లీ పెట్టేసుకున్నాడు.

తీసుకుంది. వెనకవైపు, తలకిందులుగా కొట్టి ఇచ్చింది. పైగా షాపు సిస్టమ్ అన్నిటినీ ఏ4 కిందే లెక్కేస్తుందట. బాండ్ పేపర్ ఏమో దానికంటే పొడుగు. అక్షరాలన్నీ ఒక చివరకి చేరి, అడుగున బెత్తెడు ఖాళీ.

చూపిస్తే అతను చెప్పిన జవాబే ఈ పోస్టుకి టైటిల్.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పక్క సందులో డీటీపీ చేసేవాళ్లు ఈ పని ఎలా చేస్తారో ఎప్పుడైనా గమనించారా? ముందు మామూలు తెల్లకాగితం మీద ఒక ప్రింట్ తీస్తారు. దాన్ని బాండ్ పేపర్‌కి ఆనించి ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి చూస్తారు. మొదటి లైను వెండర్ సీలు కిందికి వచ్చిందా, లేదా. రాకపోతే రెండు ఎంటర్లు కొట్టి, మళ్లీ చూసి, అప్పుడు అసలుది పెడతారు. ఎంతసేపని? నిమిషం పట్టదు. నేను కట్టే డబ్బు ఇంకు కోసమే కాదు, ఆ నిమిషం కోసం కూడా. ఇక్కడ రేటు అంతే ఉంది, నిమిషమే లేదు. పోనీ ట్రే మీద స్కెచ్ పెన్నుతో ఓ బాణం గుర్తు గీసినా సరిపోయేది.

ఇంకో సంగతి. నా ఫైల్ డిలీట్ చేయమంటే, మీరే చేసుకోండి అని మౌస్ నా వైపు తోశాడు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఊళ్లో వాళ్ల బతుకంతా అందులోనే ఉంది. ఆధార్‌లు, పాన్ కార్డులు, ఎవరిదో పట్టాదారు పాస్‌బుక్, ఎవరిదో పాపాయి బర్త్ సర్టిఫికెట్. నాది తీసేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. మిగతావి అలాగే ఉన్నాయి. ఆధార్ ప్రింట్ ఇవ్వాల్సి వస్తే, కుదిరిన చోట మాస్క్‌డ్ ఆధార్ వాడండి. చివరి నాలుగు అంకెలే కనబడతాయి, ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్లో ఉచితంగా దొరుకుతుంది.

డబ్బులు వెనక్కి ఇవ్వమంటే, "అది మా చేతుల్లో ఉండదు, ఓనర్‌తో మాట్లాడండి" అన్నాడు. ఓనర్ నంబర్ ఇవ్వమన్నాను. గోడ మీద క్యూఆర్ కోడ్ చూపించాడు.

స్కాన్ చేశాను. ఎంత కడతారు అని అడిగింది.