చేబదులు బియ్యం

జర్మనీలోని కెమ్నిట్స్‌కు వచ్చిన మొదటి ఆదివారం మధ్యాహ్నం నా గదిలో బియ్యం నిండుకున్నాయి. బియ్యం అయిపోయాయి అనకూడదని చిన్నప్పుడే అమ్మ నేర్పింది. ఇంట్లో ఆ మాట వినబడితే ఎవరో ఒకరు వీధి చివరి కిరాణా కొట్టుకు వెళ్లి వచ్చేవారు. ఇక్కడ సంచి పట్టుకుని బయలుదేరితే దగ్గరలోని రెండు సూపర్ మార్కెట్లూ మూసి ఉన్నాయి. వీధిలో మనిషి లేడు. ఊళ్లో ఏదో జరిగిందని భయపడ్డాను. ఏమీ జరగలేదు. ఆదివారం కాబట్టి అలా ఉంది.

ఇక్కడ ఆదివారపు విశ్రాంతికి రాజ్యాంగమే రక్షణ. 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో ఉన్న ఆ నిబంధనను 1949లో తయారైన ఇప్పటి రాజ్యాంగంలోనూ చేర్చుకున్నారు. రైల్వే స్టేషన్‌లో ఒకటి రెండు చిన్న కొట్ల లాంటివి తప్ప దాదాపు ఏవీ తెరవరు. గాజు సీసాలను పెద్ద డబ్బాల్లో పడేసినా చప్పుడవుతుందని ఆ రోజు వెయ్యరు. కొబ్బరి పచ్చడికని నేను మిక్సీ వేస్తే పక్కగది అబ్బాయి వచ్చి, ఎంతో మర్యాదగా, ఈరోజు ఆదివారం కదా అని గుర్తు చేసి వెళ్లాడు.

మా హాస్టల్‌లో రెండంతస్తుల పైన ఒక తెలుగు అక్క ఉందని తెలుసు. బట్టలు ఉతికే గదిలో ఒకసారి పలకరించుకున్నాం, అంతే. ముఖపరిచయంతో బియ్యం ఎలా అడగడం? మెట్ల మీద చాలాసేపు నిలబడ్డాను. మా ఖమ్మంలో పక్కింటికి గ్లాసు పట్టుకుని వెళ్లడానికి ఏనాడూ ఆలోచించలేదు. చివరికి తలుపు తట్టి, "అక్కా, ఒక గ్లాసుడు బియ్యం చేబదులు ఇస్తారా?" అన్నాను. ఆ మాట విని ఎన్నాళ్లయిందో, ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"గ్లాసుడు ఏం సరిపోతాయి, లోపలికి రా" అంది. ఒక డబ్బా నిండా బియ్యం పోసి, ఆవకాయ కూడా పెట్టింది. అంతవరకు నేను ఏ బియ్యం కొన్నానో అడిగింది. చౌకగా కనబడిందని కొన్నది మిల్ష్‌రైస్ అట. పాలలో ఉడికించి తీపిగా తినే పొట్టి గింజ అది, అందుకే అన్నం రోజూ ముద్దయ్యేది. "సోనా మసూరి పది కిలోల బస్తా నలుగురం కలిసి తెప్పించుకుంటాం, నీ పేరు కూడా రాస్తాను" అంది. వెళ్లేటప్పుడు తన పాత చలికోటు చేతిలో పెట్టింది. అది ఆవిడకు కూడా అంతకుముందు చదివి వెళ్లినవాళ్లు ఇచ్చినదే.

ఈ చేబదుళ్లు లేకపోతే మొదటి ఏడాది గడవదని నా నమ్మకం. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేయాలి. నాన్న ఇంటి మీద అప్పు తెచ్చి వేసిన డబ్బే అయినా నెలకు 992 మాత్రమే మన చేతికి వస్తుంది. అద్దె, ఆరోగ్య బీమా పోగా మిగిలేది చాలా తక్కువ. అప్పు సంగతి తెలుసు కాబట్టి అదీ ఖర్చు పెట్టబుద్ధి కాదు. నీళ్ల సీసాలు కడిగి దాచి, దుకాణంలోని యంత్రంలో వేసి, కొన్నప్పుడు కట్టిన డిపాజిట్‌ను సీసాకు 25 సెంట్ల చొప్పున వెనక్కి తెచ్చుకుంటాం.

పనికీ లెక్క ఉంది. విద్యార్థి ఏడాదిలో 140 పూర్తి రోజులు, లేదంటే 280 సగం రోజులు పనిచేయవచ్చు. నాలుగు గంటల వరకు సగం రోజు. పార్సిళ్లు వేరుచేసే గిడ్డంగిలో పనిచేసిన ప్రతిరోజూ నోటు పుస్తకంలో గీత గీసుకునేదాన్ని. తెల్లవారుజామున ఆ పనికి వెళ్లేటప్పుడు దారిలో కారల్ మార్క్స్ తల కనబడేది. 1971లో నిలిపిన కంచు విగ్రహం, తల ఒక్కటే ఏడు మీటర్లు ఉంటుంది. 1953 నుంచి 1990 వరకు ఈ ఊరి పేరే కార్ల్ మార్క్స్ స్టాట్. విగ్రహం వెనుక గోడ మీద నాలుగు భాషల్లో ఒకే వాక్యం చెక్కి ఉంటుంది. నాకు వాటిలో ఇంగ్లీషు ఒక్కటే వచ్చు, కానీ చదవకముందే అర్థమైంది. ప్రపంచ కార్మికులారా, ఏకం కండి. మా ఊళ్లో గోడల మీద ఎర్ర రంగుతో రాసి ఉండే మాటే. చలిలో దానిముందు నిలబడితే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తరగతిలో అలవాటు పడటం అంత కష్టం కాలేదు. పాఠం ముగిశాక చప్పట్లు కొట్టరు, వేళ్ల కణుపులతో బల్ల మీద తడతారు. మార్కుల పద్ధతి మాత్రం నాన్నకు అర్థం చేయించడానికి రెండు ఫోన్లు పట్టింది. "1.7 వచ్చింది నాన్నా" అంటే అటునుంచి చాలాసేపు మాట లేదు. ఇక్కడ 1.0 అన్నిటికన్నా మంచిదని, 5.0 వస్తే తప్పినట్టని చెప్పాక కూడా మరునాడు మళ్లీ అడిగారు. ఆ రాత్రి ఆయన నిద్రపోలేదని అమ్మ తరువాత చెప్పింది. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. మనకూ ఇక్కడికీ అప్పుడు నాలుగున్నర గంటల తేడా. దుకాణాలు లేని ఆదివారం ఉదయాన్ని నేను అమ్మ కోసం ఉంచుకున్నాను. శనివారమే సరుకులన్నీ తెచ్చుకుంటాను, ఇక ఫోను పెట్టేయమని తొందరపెట్టే పని ఏదీ ఉండదు. అమ్మ అక్కడ అన్నానికి కూర్చుంటే నేను ఇక్కడ టీ పెట్టుకుంటాను.

అక్క థీసిస్ ముగించి, ఉద్యోగం దొరికి ఏప్రిల్‌లో స్టుట్‌గార్ట్ వెళ్లిపోయింది. వెళ్లే ముందు డబ్బా నిండా బియ్యం తీసుకెళ్లి ఇవ్వబోతే తీసుకోలేదు. తన కుక్కరు కూడా నాకే ఇచ్చింది. మొన్న ఆదివారం అమ్మ ఆ సంగతి గుర్తుపెట్టుకుని అడిగింది.

"ఆ అమ్మాయికి బియ్యం తిరిగి ఇచ్చావా?"

"లేదమ్మా, తీసుకోలేదు."

"అయితే అప్పు ఉన్నట్టే."

ఇప్పుడు బస్తా తెప్పించే లెక్క నా దగ్గర ఉంది. పుస్తకంలో ఏడుగురి పేర్లు ఉన్నాయి. అక్టోబరులో కొత్తవాళ్లు వస్తారని ఈసారి ఇరవై కిలోలు చెప్పాను.