మావాడి డర్ట్ బైక్ పైపుకి అంతర్వేది ఫైబర్ కవచం

మావాడికి పదిహేనేళ్లు, పుట్టి పెరిగింది టెక్సాస్‌లో. వేసవికి సఖినేటిపల్లి తీసుకొస్తే చుట్టాలిళ్లలో మూలకి కూర్చుని ఫోన్ చూసుకోవడమే వాడి పని. ఈసారి మాత్రం సూట్‌కేస్‌లో బట్టల మధ్య వాడి సెకండ్ హ్యాండ్ డర్ట్ బైక్ (మట్టి దారుల్లో తోలే బండి) సైలెన్సర్ పైపు, శుభ్రంగా కడిగి మరీ పెట్టుకొచ్చాడు, దానికి ఫైబర్ కవచం చేయించుకోవాలని. మా తమ్ముడి సలహా లెండి, "ఫైబరే కదరా అల్లుడూ, మన అంతర్వేది బోట్లోళ్లకి రోజూ అదే పని, పట్టుకొచ్చెయ్" అన్నాడు ఫోన్లో.

టూ స్ట్రోక్ బండికి ఆ పొట్టలాంటి పైపు ముందుకి పొడుచుకొచ్చి ఉంటది, రాయి తగిలితే సొట్ట. లోపల వెనక్కి తన్నే ఒత్తిడి అల బయటికి పోబోయే పెట్రోలు గాలిని మళ్లీ సిలిండర్‌లోకి నెడతదంట, అందుకని ఆకారం చెడితే లాగుడు తగ్గుద్దంట. ఇదంతా వాడు సగం తెలుగు సగం చేతులతో అంతర్వేదిలో బోట్లు చేసే మేస్త్రి గారికి చెప్తుంటే నేను మధ్యలో దూరకుండా ఊరుకున్నా, పెద్ద కష్టమే నాకది. ఆయనకి పైపు చూడగానే అర్థమైపోయింది.

ముందు పైపు మీద అట్టముక్కలు అరంగుళానికి కాస్త తక్కువ మందంలో చుట్టించారు, ఎందుకంటే మామూలు పాలిస్టర్ రెజిన్ (ఫైబర్‌ని గట్టిగా పట్టి ఉంచే జిగురు) వేడికి మెత్తబడిపోద్ది, కవచం పైపుకి ఆనకూడదు, మధ్యలో గాలి ఆడాలి. అట్ట మీద బ్రౌన్ టేపు, దాని మీద మైనం, అప్పుడు రెజిన్ అంటుకోదు. చుట్టూరా వేస్తే ఊడిరాదని పైపు ముందువైపు సగానికే వేయించారు, సిలిండర్ దగ్గర వేడెక్కువ కాబట్టి ఆ మొదటి మెలిక వదిలెయ్యమన్నారు. మ్యాట్‌ని (గాజు పీచు గుడ్డ) చిన్న చిన్న ముక్కలు చింపి (కత్తిరిస్తే అంచులు తేలిపోతాయంట, చింపితే కలిసిపోతాయంట), బ్రష్‌తో రాయకుండా పొడుస్తూ గాలి బుడగలు పోయేదాకా మూడు పొరలు.

రెజిన్ గట్టిపడటానికి కలిపే కోబాల్ట్, హార్డనర్ సీసాలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. అక్కడ ఆయన గొంతు మారింది. "ఆయ్, ఈ రెండూ ఒకదాంట్లో ఒకటి పొయ్యకూడదు బాబుగారూ, భగ్గుమంటాయి. ముందు కోబాల్ట్ రెజిన్‌లో బాగా కలిపేసి, ఆ తర్వాతే హార్డనర్." నేను హెల్మెట్ పెట్టుకో అని ఎన్నిసార్లు అరిచినా విననోడు, అదొక్కసారి చెప్తే విన్నాడు. ఎండకి గబగబా బిగిసిపోద్దని పొద్దున్నే మొదలెట్టించారు, తోలులా మెత్తగా ఉన్నప్పుడే అంచులు కత్తితో కోయించారు. గట్టిపడ్డాక సాన పడితే ఆ పొడి దురద, మాస్కు, పొడుగు చేతుల చొక్కా లేకపోతే రాత్రంతా గోక్కోవడమే.

నా మటుకు నాకు అనిపించేది ఏంటంటే, మనం పిల్లల్ని ఇండియా తెచ్చి అందరి ముందూ నిలబెట్టి "మాట్లాడు, మాట్లాడు" అంటాం, పనేమీ లేకుండా ఏం మాట్లాడతారు వాళ్లు మాత్రం? ఇక్కడ వాడికి అడగాల్సినవి ఉన్నాయి, అడిగాడు, వచ్చీరాని తెలుగులోనే. బోట్ల దగ్గర కుర్రాళ్లు నవ్వారు కూడా, వాడు పట్టించుకోలా. తమ్ముడు మాత్రం "అమెరికా నుంచి వచ్చి చేపల బోటు దగ్గర కూలి పనేంటే అక్కా" అని అమ్మ దగ్గర నన్ను దెప్పాడు, సలహా ఇచ్చింది తనే అయ్యుండి!

టెక్సాస్ తిరిగొచ్చాక వేడికి తట్టుకునే ఎర్ర గాస్కెట్ సిలికాన్ ముద్దలు నాలుగైదు చోట్ల పెట్టి ఆ సందు అలాగే ఉంచి, రెండు హోస్ క్లిప్పులతో బిగించాడు. రంగు మాత్రం బోట్లకి వేసే నీలమే, మేస్త్రి గారు మిగిలింది పూసిచ్చారు. ఇప్పుడు పైపు కింద భాగానికి ఇంకోటి చేస్తానంటున్నాడు. ఇక్కడి రెజిన్‌లో కోబాల్ట్ ముందే కలిపి అమ్ముతారు కాబట్టి ఆ భయం లేదు గానీ, కంపు భరించలేం, గ్యారేజీలో కాదు, పెరట్లో చేసుకోరా అని నేను, పెరట్లో గాలికి దుమ్ము పడుద్దని వాడు.