పరాయి ఊరిలో మణికట్టు విరిగిన తరువాత

ప్రయాణంలో మూడో రోజు ఉదయం, వాన వెలిసిన కాసేపటికి, బస నుంచి వీధిలోకి దిగే రాతి మెట్ల మీద నా కాలు జారింది. పడేటప్పుడు ఎవరైనా చేసే పనే నేనూ చేశాను. కుడి చేయి చాచి అరచేతిని నేలకు ఆనించాను. ఒంటి బరువంతా ఆ అరచేతి మీదుగా మణికట్టులోకి దిగింది. లేచి కూర్చున్నాక నొప్పి కన్నా ముందు చేతి ఆకారమే నన్ను భయపెట్టింది. తిన్నగా వచ్చిన ముంజేయి మణికట్టు దగ్గర ఒక్కసారిగా పైకి లేచి, మళ్లీ కిందికి వంగి, బల్ల మీద బోర్లించిన ఫోర్కులా కనిపించింది. ఎక్స్‌రేలు కనుగొనడానికి ఎనభై ఏళ్ల ముందే, 1814లో, ఐర్లాండ్ శస్త్రవైద్యుడు అబ్రహాం కోలీస్ ఈ విరుపును వర్ణించాడనీ, నేటికీ దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారనీ ఆ తరువాత తెలిసింది.

నా వెంట ఉన్నది చెల్లెలు. తను చేసిన మొదటి పనికి ఇప్పటికీ ఆమెకు ఋణపడి ఉన్నాను. "అక్కా, చేయి వాచకముందే ఉంగరం తీసేద్దాం" అని, సబ్బు నురగ రాసి, నేను ఎంత మూలిగినా ఆగకుండా మెల్లగా తిప్పుతూ ఉంగరం తీసేసింది. అరగంట తరువాత ఆ వేలు చూసినప్పుడు, ఉంగరం అక్కడే ఉండి ఉంటే కత్తిరించాల్సి వచ్చేదని అర్థమైంది. ఆ వెంటనే ఒక లావుపాటి పత్రికను మడిచి ముంజేతి కింద ఆనించి, పైనా కిందా గుడ్డతో వదులుగా కట్టి, శాలువాతో చేతిని మెడకు వేలాడదీసింది. వంకర తిరిగిన చోటును సరిచేయాలని మాత్రం మేమిద్దరమూ ప్రయత్నించలేదు. దాహం వేస్తోందని నేను నీళ్లు అడిగితే కూడా, మత్తు ఇవ్వాల్సి రావచ్చు కదా, డాక్టరును అడిగే దాకా ఓర్చుకోమంది. దారిలోనే ఒక కాగితం మీద నా వయసు, వాడే మందులు, పడని మందు, చివరిసారి తిన్న సమయం రాసి పెట్టింది. నాకు రాని భాష మాట్లాడే ఆసుపత్రిలో, నొప్పితో మాట తడబడుతున్నప్పుడు, ఆ చిన్న కాగితమే మా తరఫున చాలా వరకు మాట్లాడింది.

అక్కడి వైద్యుడు ఓపిక గల మనిషి. ఎక్స్‌రే తెర మీద చూపించి, ముంజేతి పెద్ద ఎముక చివర విరిగి వెనక్కి ఒరిగిందని వేలితో గీసి చెప్పాడు. మామూలుగా ఆ ఎముక చివరి భాగం అరచేతి వైపు సుమారు 11 డిగ్రీలు వాలి ఉంటుంది; నాది దానికి ఎదురుగా వెనక్కి వాలింది. విరిగిన చోట చేరిన రక్తంలోకే నేరుగా మత్తుమందు ఎక్కించి, ఒకరు నా మోచేతి పైభాగాన్ని గట్టిగా పట్టుకోగా, ఆయన నా వేళ్లు పట్టి లాగుతూ ఎముకను దాని చోటికి నొక్కాడు. నొప్పి లేదనలేను గాని, భరించగలిగినంతే ఉంది. రెండో ఎక్స్‌రేలో ఎముక చక్కగా కుదిరింది. వాపు ఇంకా పెరుగుతుందని, చుట్టూ మూసే పూర్తి పిండికట్టు వేయకుండా, ఒక వైపున మాత్రం పిండికట్టు పట్టీ ఆనించి, దూదితో, బ్యాండేజీతో చుట్టాడు. మందులు, సూచనలు ఉన్న కాగితం ఒకటి చేతికిచ్చాడు. చెల్లెలు రెండు ఎక్స్‌రేలనూ సీడీలో అడిగి తీసుకుంది, తెర మీది బొమ్మలను ఫోనులో కూడా తీసుకుంది. బీమా సంస్థకు ఆసుపత్రి నుంచే ఫోను చేసి, గాయమైన తేదీ, సమయం, విధం రాసిన వైద్యుడి సంతకం గల పత్రమూ, అసలు బిల్లులూ కావాలని తెలుసుకుని, అవన్నీ చేతికి అందాకే బయటికి వచ్చాం.

వైద్యుడు ఇచ్చిన సూచనల కాగితం దగ్గరే నేను తప్పు చేశాను. అది అక్కడి భాషలో, చేతిరాతతో ఉంది. ఫోనులోని అనువాద సాధనంతో మందుల పేర్లూ, పూటలూ ఉన్న భాగాన్ని చదువుకున్నాం. అడుగున ఉన్న ఒక వరుస మసకగా ఉండి ఫోనుకు అందలేదు. వైద్యుడు నోటితో "ఒక వారం" అన్నట్టు వేలు చూపిస్తే, వారం పాటు విశ్రాంతి తీసుకోమంటున్నాడని అర్థం చేసుకుని తల ఊపాను. మరోసారి అడగడానికి మొహమాటపడ్డాను. ఆ వరుసను అక్కడే నిలబడి ఎవరి చేతనైనా చదివించుకోవాల్సింది.

మరుసటి రాత్రి అసలు పరీక్ష ఎదురైంది. తొమ్మిది గంటలకు మొదలైన నొప్పి మందుకు లొంగకుండా పెరుగుతూ పోయింది. అది విరిగిన ఎముక నొప్పిలా లేదు. కట్టు లోపల చేయి పొంగి, చోటు చాలక, నలిగిపోతున్నట్టుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గింది. చెల్లెలు నా గోరు నొక్కి వదిలి లెక్కపెట్టింది. రెండు సెకన్లలోపు తిరిగి రావాల్సిన ఎరుపు నాలుగైనా రాలేదు. వేళ్లను వెనక్కి చాపితే కేక వేశాను. తెల్లవారే దాకా చూద్దామని నాలో ఒక మనసు అంటున్నా, ఆమె వినలేదు. ఆసుపత్రికి తిరిగి వెళితే, రాత్రి విధుల్లో ఉన్న వైద్యురాలు బ్యాండేజీనీ, దాని కింది దూదినీ చర్మం కనబడే దాకా పొడవునా కత్తిరించింది. కొద్ది నిమిషాల్లోనే వేళ్లకు రంగు తిరిగి వచ్చింది. కట్టు కింద పెరిగే ఒత్తిడి కండరాలకు రక్తం అందకుండా చేస్తుందనీ, అలా గంటలు గడిస్తే చేతికి శాశ్వత నష్టం జరుగుతుందనీ ఆమె ఫోనులో అనువదించి చూపించింది. పట్టీని మళ్లీ వదులుగా చుట్టి, చేయి గుండె కన్నా ఎత్తులో దిండ్ల మీద ఉంచమని, వేళ్లను గంటకోసారి పూర్తిగా ముడిచి తెరవమని చెప్పింది.

ఇంటికి తిరిగి వెళ్లిపోదామని మరునాడే విమాన సంస్థకు ఫోను చేశాం. కట్టు వేసి 48 గంటలు దాటలేదు కనుక, పూర్తి కట్టు అయితే పొడవునా చీల్చి ఉండాలనీ, ఏ కట్టు అయినా వైద్యుడి పత్రం తేవాలనీ అన్నారు. ఆ రెండు రోజులు ఆగేసరికి నొప్పి బాగా తగ్గిపోయింది. చెల్లెలు ఏడాది పొడవునా దాచుకున్న సెలవులు నా వల్ల వృథా కాకూడదనుకున్నాను. తను వద్దంటున్నా ప్రయాణం కొనసాగిద్దామని పట్టుబట్టింది నేనే. ఆరో రోజుకు వాపు దిగింది. బ్యాండేజీ లోపల వేలు దూరేటంత వదులు వచ్చింది. నేను దాన్ని కోలుకోవడం అనుకుని సంతోషించాను. వాపు దిగడం మంచిదే. కానీ కట్టు వదులవడంతో, దాని ఆసరాతో నిలిచిన ఎముకకు పట్టు తప్పిందనే సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నాకై నేను ఊహించలేదు.

విరిగిన 12వ రోజున ఇంటికి బయలుదేరాం. చేతిని దిండు మీద ఎత్తి పెట్టుకునేలా నడవ పక్క సీటు తీసుకుని, వేళ్లు కదిలిస్తూ, మధ్య మధ్య లేచి నడుస్తూ ఇల్లు చేరాను. 14వ రోజున మా ఎముకల డాక్టరు గారి దగ్గరికి వెళ్లి కాగితాలన్నీ ముందు పెట్టాను. ఆయన సీడీలోని ఎక్స్‌రేలు చూసి, "బాగా కుదిర్చారమ్మా. వారం తరువాత తీసిన ఎక్స్‌రే ఏది?" అని అడిగారు. నా దగ్గర లేదు. అడుగున ఉన్న ఆ వరుసను ఆ భాష తెలిసిన తన మిత్రుడికి ఫోనులో పంపి చదివించారు. ఏడు రోజులకు ఎక్స్‌రే తీయించాలి, అవసరమైతే కట్టు మార్చాలి అని రాసి ఉంది.

కొత్త ఎక్స్‌రేలో ఎముక మళ్లీ వెనక్కి ఒరిగింది. డాక్టరు గారు పాత, కొత్త బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించారు. ఈ రకం విరుపు మొదటి రెండు మూడు వారాల్లో జారవచ్చనీ, అందుకే వారానికోసారి చూడాలనీ, కట్టు వదులైతే వెంటనే మార్చాలనీ వివరించారు. వారం నాడు పసిగట్టి ఉంటే మళ్లీ లాగి సరిచేసే వీలు ఎక్కువగా ఉండేది. రెండు వారాలు దాటాక కొత్త ఎముక అప్పుడే తీగలు వేయడం మొదలుపెడుతుంది కనుక, పైనుంచి లాగితే లొంగదన్నారు. "మీరు మాట దాచుకోకుండా అడిగి ఉంటే బాగుండేదమ్మా" అన్నారు గాని కోప్పడలేదు. అప్పుడు నాకు ఒక సంగతి స్పష్టమైంది. అక్కడి వైద్యుడు తన పని తను సరిగ్గా చేశాడు, ఇక్కడి వైద్యుడు తన పని చేయడానికి సిద్ధంగా ఉన్నాడు. వాళ్లిద్దరి మధ్య మిగిలిన రెండు వారాలు పూర్తిగా నా చేతిలోనే ఉన్నాయి.

17వ రోజున, చేయి మొత్తం మొద్దుబారేలా మత్తు ఇచ్చి, మణికట్టు అరచేతి వైపు నుంచి కోసి, ఎముకను సరిచేసి, లోహపు ప్లేటును స్క్రూలతో బిగించారు. అక్కడి సీడీ వల్ల విరుపు మొదట్లో ఏ ముక్క ఎటు ఉందో ముందే తెలిసిందని, దాంతో ప్రణాళిక సులువైందని ఆయన చెప్పారు. ఆ సీడీ అడిగిన చెల్లెలికి ఆ మాట చెప్పినప్పుడు ఏడ్చేసింది.

మర్నాటి నుంచే వేళ్లు కదిలించమన్నారు, రెండు వారాలకు మణికట్టును కదిలించడం మొదలైంది. కోలుకోవడంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఎముక కాదు, బిగుసుకుపోయిన కీళ్లు. వేళ్లు పిడికిలి పట్టడానికి నాలుగు వారాలు పట్టింది. మెడకు వేలాడదీసుకుని ఉంచినందుకు భుజం కూడా పైకి లేవనని మొండికేసింది. మొదటి రోజు నుంచీ భుజాన్నీ, మోచేతినీ పగటిపూట కదిలిస్తూ ఉండమని ఫిజియోథెరపిస్టు చెప్పేదాకా ఆ ఆలోచనే రాలేదు. ఆరో వారంలో కలం పట్టి నా సంతకం నేనే చేశాను. మూడో నెలలో నీళ్ల బిందె లేపలేకపోయాను, నాలుగో నెలలో తడి తువ్వాలు పిండగలిగాను.

ఇప్పుడు ఎనిమిదో నెల. అరచేతిని పూర్తిగా పైకి తిప్పడంలో ఇంకా కొద్దిపాటి లోటు ఉంది. అందుకోసం ఉదయం పూట ఒక చిన్న సుత్తిని పిడి చివర పట్టుకుని, మోచేతిని నడుముకు ఆనించి, దాని బరువుకు ముంజేయి మెల్లగా తిరిగేలా అటూ ఇటూ పది నిమిషాలు తిప్పుతాను. మొదట్లో సుత్తి నిటారుగా నిలిచేది. ఈ వారం అది దాదాపు బల్లకు సమాంతరంగా వాలుతోంది.